చుక్క నిలవని గ్లాసు

వదిన పోయిందని ఆమె కూతురు పంపిన వాయిస్ మెసేజ్ వచ్చినప్పుడు నేనొక వెల్డర్ కవరాల్‌కు జిప్పు వేస్తున్నాను. మెసేజ్ అయిపోయింది, జిప్పు ఇంకా సగంలోనే ఉంది. మిషన్ ఆపలేదు. జిప్పు పూర్తిచేసి, పళ్ళు కలుస్తున్నాయో లేదో రెండుసార్లు లాగి చూసుకుని, అప్పుడు ఆ మెసేజ్ రెండోసారి విన్నాను. గోదావరి జిల్లాలో తన ఇంట్లోనే, పొద్దున పూట, కూతురు తల దువ్వుతుండగా పోయిందట.

మధ్యాహ్నానికల్లా మా ముసఫ్ఫా వాట్సాప్ గ్రూపు నిండా పూలు, దీపాలు, జోడించిన చేతులు. వాటి మధ్య మా సందులోని స్టోర్‌కీపర్ రాసిన మాట ఒకటి. "పాపం, చదువులేని మనిషి. తనకొచ్చిన జబ్బేమిటో కూడా తెలియకుండానే వెళ్ళిపోయింది." దాని కింద పదిమంది నమస్కారాలు పెట్టారు.

అది చదివాక నాకు ఏడుపు రావలసింది పోయి ఒళ్ళు మండింది. అందుకే ఇది రాస్తున్నాను. వదినకు తన జబ్బేమిటో తెలుసు. మనకు మన షుగర్ గురించి తెలిసినదానికంటే బాగా తెలుసు. మేమందరం కలిసి తెలియకుండా చెయ్యాలని చూసినా, కొట్లాడి తెలుసుకుంది. దాచినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి ఈ సాక్ష్యం నేనే చెప్పాలి.

నాది అబుదాబి పక్కన ముసఫ్ఫాలో, గ్యారేజీల వెనక సందులో టైలర్ దుకాణం. రెండు మిషన్లు, ఒక బెంచీ, వెనక ఒక సింకు. మాది జగిత్యాల పక్కన ఊరు. ఐదో తరగతి మధ్యలో బడీ నేనూ ఒకరినొకరం వదిలేసుకున్నాం. మనవలు, మనవరాళ్ళు ఉన్నారు, వాళ్ళ ముందు తప్ప ఎక్కడా నా నోరు ఊరుకోదు. వదిన మొదటిసారి దుకాణానికి వచ్చింది యూనిఫారం సరిచేయించుకోవడానికి. కరోనా తగ్గి, నేను మాస్కులు కుట్టడం మానేసిన రోజులవి.

"నడుము కాడ ఎంత తగ్గియ్యాలె వదినె?" అన్నాను.

"ముందు మీ నోరు రెండంగుళాలు తగ్గించండి తాతగారూ. వదినంట, వదిన!"

నాకంటే పన్నెండేళ్ళు చిన్నది. అయినా ఆ రోజు నుంచి నేను తాతగారిని, ఆమె వదిన. నన్ను తిట్టే హక్కు ఇంకెవరికి ఇస్తాను?

ఆమె ఒక క్లీనింగ్ కంపెనీ మనిషి. కంపెనీ ఆమెను ఒక యూనివర్సిటీలో జీవశాస్త్రం బిల్డింగుకు పంపింది. అక్కడ పీహెచ్‌డీ పిల్లలు ప్రయోగాలకు వాడే గాజు సామాను కడగడం ఆమె పని. కడిగిన ప్రతిదాన్నీ వెలుతురుకు ఎత్తి చూసేది. నా దుకాణంలో చాయ్ గ్లాసునూ అలాగే ఎత్తి చూసింది.

"దీన్ని కడిగారా, తడిపారా? ఇదిగో చూడండి, నీళ్ళు చుక్కలు చుక్కలుగా నిలబడ్డాయి. ఇంకా జిడ్డుందన్నమాట. శుభ్రమైన గాజు మీద చుక్క నిలవదు. నీళ్ళు పల్చగా పొరలా జారిపోతాయి. తడపడం వేరు, కడగడం వేరు."

ఆ ఏడాదే ఒక పొరపాటు జరిగింది. ఒక పొద్దున కడిగే గదిలో సింకు పక్కన ఒక గాజు కూజా కనిపించిందట. లోపల విరిగిన గంజిలా మబ్బుగా ఏదో ఉంది, పైన చీటీ లేదు. సింకు పక్కన పెట్టారంటే కడగమనే అర్థం, ఆ గదిలో పద్ధతి అదే. వదిన శుభ్రంగా కడిగి, ఎత్తి చూసి, బోర్లించింది. పది నిమిషాలకు కర్నూలు వైపు నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక అమ్మాయి వచ్చి, ఆ ఖాళీ కూజాను చూసి కూలబడిపోయింది. అది ఆమె మూడు వారాల పని.

సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చాడు. ఒక్క ఫిర్యాదు కంపెనీకి వెళ్తే వదిన ఉద్యోగం ఖలాస్. కానీ ఆ అమ్మాయి ఏడుస్తూనే, చీటీ అంటించనిదీ తనే, సింకు పక్కన పెట్టిందీ తనే అని చెప్పింది. ఇంకొకరైతే ఆమె కాళ్ళు పట్టుకునేవారు. మా వదిన ఏం చేసిందో ఆ వారం వచ్చి నాకు చెప్పింది.

"సారీ చెప్పానండీ. చెప్పి, ఒకటడిగాను. ఇన్నేళ్ళుగా మీ సీసాలు కడుగుతున్నాను కదా అమ్మా, వాటిల్లో ఏముంటుందో మీలో ఒక్కరైనా నాకు చెప్పారా? చెప్పుంటే కడిగేద్దునా?"

"మరి ఆ పిల్ల ఏమన్నది?"

"స్టూలు లాక్కుని కూచుని చెప్పింది. అది ఈస్టంట తాతగారూ. ఖుబూస్ రొట్టెల పిండి పొంగడానికి వేస్తారే, అది."

ఆ తర్వాతి ఆదివారమే ఆ అమ్మాయిని నా దుకాణానికి పట్టుకొచ్చింది. నేను ఆమెకు ఈస్టమ్మ అని పేరు పెట్టాను. పక్క గ్యారేజీలో కార్లకు రంగు కొట్టే మా నిజామాబాద్ పెయింటర్, ఇంకో ఇద్దరు బెంచీ మీద ఉన్నారు. కెఫెటేరియా వాడి కాగితం కప్పులు వదినకు పడవు, ఆరు గాజు గ్లాసులు తనే తెచ్చింది.

ఈస్టమ్మ మొదలుపెట్టగానే పెయింటర్ అడ్డం పడ్డాడు. "ఖుబూస్‌ల పురుగులుంటయా? గిన్నేండ్ల సంది పురుగుల్ని తింటున్ననా నేను?"

"పురుగులు కాదన్నా. కంటికి కనపడనంత శానా చిన్నవి. అదొక్కటే కణం. పెరిగి రెండు అవుతుంది."

"ఒక్కటి రెండైతే నా జీతం గట్లెందుకైతలేదు?"

అందరూ నవ్వారు. ఆ పిల్ల పాపం కంగారుపడి ఇంగ్లీషులోకి పారిపోయింది. పావుగంట మాట్లాడింది. చివర్లో వదిన పెయింటర్ వైపు తిరిగి, "ఇప్పుడు నువ్వు చెప్పు, ఏం చెప్పిందో" అంది. వాడు నా వైపు చూశాడు. నేను కత్తెర వైపు చూశాను.

వదిన ఆరు గ్లాసులూ పళ్ళెంలో పెట్టి ఆ అమ్మాయి చేతికిచ్చింది. "మీ గ్లాసులు నేను కడుగుతున్నాను కదా. నాకు అర్థమయ్యేలా చెప్పకపోతే మా గ్లాసులు నువ్వు కడగాలి. అర్థం కాలేదంటే మాకు బుర్ర లేదని కాదమ్మాయ్, నువ్వింకా చెప్పలేదని."

ఇదీ మా ఆదివారం పద్ధతి. చెప్పేవాళ్ళు చాయ్ తాగుతూ చెప్పాలి. విన్నవాళ్ళలో ఒకరు తమ మాటల్లో తిరిగి చెప్పాలి. చెప్పలేకపోతే ఫెయిలయ్యేది విన్నవాడు కాదు, చెప్పినవాడు. సింకు చూపిస్తాం. పరీక్షలో ఫెయిలయ్యేది నేను కాకుండా ఇంకొకరు కావడం నా జన్మలో అప్పుడే చూశాను.

ఈస్టమ్మ నాలుగు ఆదివారాలు గ్లాసులు కడిగింది. ఐదోవారం నా బల్ల మీదున్న గుడ్డను చూపించి చెప్పింది. "తాతా, నువ్వు కత్తెర వేసే ముందు కొలత ఇంకోసారి చూసుకుంటావు కదా. కణం కూడా రెండుగా చీలే ముందు ఆగి చూసుకుంటుంది. అన్నీ సరిగ్గా ఉన్నాయా, లేదా అని. సరిగ్గా లేకపోతే చీలదు. అది ఎట్లా ఆగుతుంది, ఎవరు ఆపుతారు, అదే నా చదువు. ఈస్ట్‌లోనూ మనిషిలోనూ ఆ ఆగడం దాదాపు ఒక్క తీరే. అందుకే ఈస్ట్‌ను చూస్తాండా."

ఈసారి పెయింటర్ లేచి నిలబడి, ఒక్క ముక్క పోకుండా తిరిగి చెప్పాడు.

తర్వాత ఒకరి వెంట ఒకరు వచ్చారు. మడ అడవుల మీద చదివే కేరళ పిల్లవాడు ఒక ఆకు తెచ్చి, హిందీలో మమ్మల్ని నాకమన్నాడు. ఉప్పగా ఉంది. ఆ చెట్టు సముద్రపు నీళ్ళే తాగుతుందట, ఎక్కువైన ఉప్పును ఆకు మీదికి తోసేస్తుందట. పెయింటర్ తన కవరాల్ వీపు మీది తెల్లటి చారలు చూపించి, "అయితే నేనూ గా చెట్టే" అన్నాడు. పిల్లవాడు మొదటి వారమే పాస్.

ఒకసారి వాళ్ళ పెద్ద సారే వచ్చాడు. తెల్లాయన, మంచి మనిషి. అరగంట చెప్పాడు, ఈస్టమ్మ తెలుగు చేసింది. తిరిగి చెప్పమంటే పెయింటర్ గొంతు సవరించుకుని, "సారు మస్తు చెప్పిండు. సారు బూట్లు గూడ మంచిగున్నయ్" అన్నాడు. వదిన స్క్రబ్బర్ తీసి సారు చేతికిచ్చింది. ఈస్టమ్మ ముఖం తెల్లబోయింది. సారు మాత్రం చేతులు మడిచి సింకు దగ్గరికి వెళ్ళాడు. మొదటి గ్లాసును వదిన తలుపు దగ్గర ఎత్తి చూసి, నిలిచిన చుక్కను వేలితో చూపించి, "ఎగైన్ సార్" అంది. ఆయన మళ్ళీ కడిగాడు.

ఆయన వెళ్తూ, దీన్ని యూనివర్సిటీ హాల్లో పెద్దగా చేద్దాం, మైకు పెడదాం అన్నాడట. "మైకుంటే వీళ్ళు మధ్యలో ఎలా అడ్డం పడతారు? సింకు ఉన్న చోటే చేద్దాం అని చెప్పు" అంది వదిన.

ఇక జబ్బు సంగతి.

ఆ మరుసటి ఏడు ఆమె యూనిఫారం నడుము మూడుసార్లు తగ్గించాను. మూడోసారి నేను జోకు వెయ్యలేదు. ఆమే అంది. "ఏం తాతగారూ, నోరు మీరే తగ్గించేసుకున్నారా?"

కడుపులో నొప్పి అని ఆస్పత్రికి వెళ్ళింది. పరీక్షలు చేశారు. ఊళ్ళో ఉన్న ఆమె తమ్ముడికి, మన భాష తెలిసిన నర్సు ఫోన్‌లో విషయం చెప్పింది. అతను ఆ నర్సుతో, "అక్కకు చెప్పొద్దు, దడుసుకుని చస్తుంది" అన్నాడు. తర్వాత నాకూ ఫోన్ చేసి అదే మాట అన్నాడు. సరే అన్నాను. వదినకు మాత్రం, చిన్న గడ్డ, మందులతో కరిగిపోతుంది అని చెప్పాం.

ఒక ఆదివారం ఆమె ఆస్పత్రి ఫైలు చంకలో పెట్టుకుని వచ్చింది. చాయ్ రాకముందే ఆ ఫైలు ఈస్టమ్మ ఒళ్ళో పెట్టింది.

"ఈ వేళ వేరే కబుర్లొద్దు. ఇందులో ఏముందో చెప్పు. నా ఒంట్లో ఏం జరుగుతోందో నాకు తెలియాలి."

ఈస్టమ్మ రెండు కాగితాలు తిప్పి ఆగిపోయింది. "ఆంటీ, నేను డాక్టర్ను కాదు. నాది ఈస్టు."

"నీ ఈస్టు గురించే ఏడాది నుంచి వింటున్నాను. ఇది నా గురించి."

నేను మధ్యలో దూరాను. "ఎందుకు వదినె గదంత? మందులు మింగు. తెలుసుకోని ఏం జేస్తవ్?"

ఆమె నా వైపు తిరిగింది. "మీకు ముందే తెలుసు కదూ?"

తల ఊపాను.

"నా కొలతలు తీసే మనిషి కూడా నాకు అబద్ధం చెబితే ఎలాగండీ? చీటీ లేని కూజా అనుకున్నారా నన్ను? లోపల ఏముందో నాకు తప్ప అందరికీ తెలుసన్నమాట."

నా నోరు పడిపోయింది. నలభై ఏళ్ళుగా అందరినీ ఆటపట్టించిన నోరు. ఈస్టమ్మ లేచి ఎవరూ అడక్కుండానే గ్లాసులు తీసుకెళ్ళి కడగడం మొదలుపెట్టింది. ఆరూ కడిగాక వదిన ఒకదాన్ని ఎత్తి చూసింది.

"కడగడం వచ్చేసింది నీకు. చెప్పడమే రాలేదు. వచ్చే ఆదివారం మళ్ళీ రా."

ఆ వారం మధ్యలో ఈస్టమ్మ తన పని మానుకుని వదినతో ఆస్పత్రికి వెళ్ళింది. డాక్టరు ఎదుట పక్కపక్కన కూచున్నారట. డాక్టరు ఒక్కొక్క మాట చెప్పడం, ఆ అమ్మాయి అక్కడికక్కడే తెలుగు చెయ్యడం, వదిన తిరిగి చెప్పడం, అది సరిగ్గా ఉందో లేదో ఆ అమ్మాయి డాక్టరును అడగడం. బయట క్యూ పెరిగిపోతున్నా వదిన లేవలేదట.

ఆదివారం దుకాణం నిండిపోయింది. ఈస్టమ్మ కళ్ళు దించకుండా చెప్పింది. డాక్టరు చెప్పినది ఎంతో, తన చదువుకు తెలిసినది ఎంతో, ఎవరికీ తెలియనిది ఎంతో విడివిడిగా చెప్పింది. చాయ్ అయిపోయింది. తిరిగి చెప్పడానికి ఎవరూ ముందుకు రాలేదు. వదినే ఖాళీ గ్లాసు చేతిలోకి తీసుకుంది.

"నేను చెప్తాను. నా ఒంట్లో గ్లాసు ఎత్తి చూసేది ఒకటుండాలి. చుక్క నిలిచిందా లేదా అని చూసి, బాగుంటేనే తర్వాతది చెయ్యనివ్వాలి. నా కడుపులో ఒకచోట అది చూడ్డం మానేసింది. చూడకుండానే గ్లాసుల్ని ఒకదాని వెనక ఒకటి అరలో పెట్టేస్తున్నారు. ఆ అర నిండిపోయింది. ఇప్పుడు పక్క అరలోకి కూడా వెళ్ళాయి. అందుకే కోసి తీసేయడానికి లేదు. మందులతో కొన్నాళ్ళు నెమ్మది చేయొచ్చు. అంతేనా?"

"అంతే ఆంటీ" అంది ఈస్టమ్మ.

పెయింటర్ మెల్లగా అడిగాడు. "ఆ చూసేదాన్ని మల్ల లేపరాదా?"

"మేము చదివేది అదే అన్నా. శానామంది శానా చోట్ల అదే చూస్తున్నారు. కొన్నింటికి మందులు దొరికినాయి. ఆంటీ జబ్బుకు సరిపోయేది ఇంకా లేదు. ఆంటీ ఉండగా వస్తుందని చెప్తే అది అబద్ధం."

వదిన గ్లాసు కింద పెట్టింది. ఏడవలేదు. నవ్వింది కూడా.

"పాసయ్యావమ్మాయ్. ఈ వారం గ్లాసులు నేను కడుగుతాను."

కడిగింది. ఆరూ. ఒక్కొక్కటీ ఎత్తి చూసింది.

తెలిస్తే దడుసుకుని చస్తుందన్నారు. తెలిశాక ఆమె చేసినది ఇది. నడవగలిగినప్పుడే ఊరికి వెళ్తానని కంపెనీకి తనే చెప్పింది. మందులు కూతురి దగ్గరుండి వేయించుకుంటానని డాక్టరుకు తనే చెప్పింది. ఇంటికి వెళ్ళిన రోజే తమ్ముణ్ణి ఎదురుగా కూచోబెట్టి తన జబ్బు తనే వివరించి, అతని చేత తిరిగి చెప్పించిందట. మూడుసార్లు చెప్పలేకపోయాడట, ఏడుపు వల్ల. ఎనిమిది నెలలు ఉంది. ఓపిక ఉన్న ఆదివారాలు వీడియో కాల్‌లో కూచుని మా వాళ్ళకు మార్కులు వేసింది. ఆఖరిసారి మాట్లాడినప్పుడు ఆమె చుట్టూ వాళ్ళ వీధి ఆడవాళ్ళున్నారు. ఇడ్లీ పిండి ఎందుకు పులుస్తుందో చెబుతోంది. వాళ్ళ ముందు చాయ్ గ్లాసులున్నాయి.

ఆమె పోయాక వచ్చిన ఆదివారం నేను దుకాణం మూయలేదు. ఫోటోకు దండ కూడా వెయ్యలేదు. దండ చూస్తే ఎవరు కట్టారు, ఇంత వదులుగా ఎందుకు కట్టారు అని తిట్టి ఉండేది. అందరూ వచ్చారు. గ్రూపులో పాపం అని రాసిన స్టోర్‌కీపర్ కూడా వచ్చాడు, ఓదార్చడానికి.

ఈస్టమ్మ, "ఈ రోజు నేను చెప్పలేను తాతా" అంది.

"నువ్వు కూసో బిడ్డా, నేను చెప్త" అన్నాను. స్టోర్‌కీపర్‌ను బెంచీ మీద కూచోబెట్టి, చేతిలో చాయ్ పెట్టి, వదిన జబ్బు గురించి చెప్పడం మొదలుపెట్టాను. కొలత, కత్తెర, కూజా, అర, అన్నీ కలిపేశాను. మధ్యలో కోపం వచ్చింది, అతన్ని నాలుగు మాటలన్నాను. మధ్యలో చెప్పిందే మళ్ళీ చెప్పాను. ఎలాగో ముగించాను.

పెయింటర్ స్టోర్‌కీపర్‌ను అడిగాడు. "ఇప్పుడు జెప్పు భాయ్, తాత ఏం జెప్పిండు?"

ఆయన అటూ ఇటూ చూశాడు. "ఆమెకు తెలుసని చెప్పిండు. నన్ను తిట్టిండు. ఇంకేం సమజ్ కాలే."

అందరూ నా వైపు చూశారు. పెయింటర్ నవ్వు ఆపుకుంటూ సింకు చూపించాడు. "యల్లా తాతా, నడువు."

నన్ను నేనే ఫెయిల్ చేసుకున్నాను. ఆరు గ్లాసులూ తీసుకెళ్ళి కడిగాను. అందుకే ఇదంతా రాశాను, ఆ రోజు నోటితో చెప్పలేనిది ఇలాగైనా చెబుదామని. స్టోర్‌కీపర్ కూడా చదువుతాడు. మీరూ చదివారు. ఇప్పుడు పక్కవాళ్ళకు మీ మాటల్లో తిరిగి చెప్పి చూడండి, ఆ మనిషికి తన ఒంట్లో ఏం జరుగుతోందో ఎంత తెలుసో. చెప్పలేకపోతే తప్పు మీది కాదు. గ్లాసులు ఇంకోసారి నేనే కడుగుతాను.

ఆ ఆదివారం ఈస్టమ్మ మొదటి గ్లాసును నా చేతిలోంచి తీసుకుని తలుపు దగ్గరికి వెళ్ళింది. మధ్యాహ్నపు ఎండలోకి ఎత్తి, ఒక కన్ను మూసి, అచ్చం ఆమెలాగే తిప్పి చూసింది.

"చుక్క నిలిచింది తాతా. తడిపినావు. మళ్ళీ కడుగు."

మళ్ళీ కడిగాను, ఈసారి అడుగు దాకా వేలు పెట్టి. ఆమె మళ్ళీ ఎత్తింది. నీళ్ళు గాజు మీద ఎక్కడా ఆగకుండా, ఒకే పల్చటి పొరగా కిందికి జారాయి. గ్లాసులోంచి రోడ్డు అవతలి గ్యారేజీ కనబడింది, దాని ముందు కారుకు కొట్టిన కొత్త రంగు కనబడింది. ఈస్టమ్మ దాన్ని దించకుండా చాలాసేపు అలాగే పట్టుకుంది.